పదివేల మైళ్ళన్నారు నాన్న

అమెరికాలో దూరమెంత అని అడిగితే ఎవరూ మైళ్ళలో చెప్పరు. గమనించారా? "ఆఫీసు ఎంత దూరమండీ?" అంటే "నలభై నిమిషాలు" అంటారు. "గుడి?" అంటే "ట్రాఫిక్ లేకపోతే అరగంట" అంటారు. పెళ్ళయి షికాగో వచ్చిన కొత్తలో, అంటే 1997లో, ఇది నాకు వింతగా ఉండేది. మా ఊళ్ళో దూరాలకి వేరే లెక్కలుండేవి. చెరువు కూతవేటు దూరం. తెనాలి మూడు కోసులు. మా అమ్మమ్మగారి ఊరు ఆమడ. ఏళ్ళు గడిచేకొద్దీ నేనూ నిమిషాల్లోకీ గంటల్లోకీ మారిపోయాను. ఇండియా ఎంత దూరమని పిల్లలడిగితే "ఒక రోజు" అని చెప్పేసి నా పని నేను చూసుకునేదాన్ని.

2024 నవంబరులో ఒక ఆదివారం మా అమ్మ అదే ప్రశ్న ఇంకోలా వేసింది.

"ఏమే, నిజంగా అవసరమొస్తే ఎన్ని గంటల్లో రాగలవు?"

అమ్మకప్పుడు 78 ఏళ్ళు. ఒంట్లో బాగానే ఉంది. తన వంట తనే చేసుకుంటుంది, మా తమ్ముడి మీద అరవడానికి కావలసిన ఓపిక కూడా దండిగా ఉంది. కానీ ఆ వారం మా వీధిలో ఒక పెద్దావిడ పోయారట. కొడుకు ఆస్ట్రేలియా నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచారట. అది చూసొచ్చి అడిగింది.

"ఒక రోజులో వచ్చేస్తానమ్మా" అన్నాను, అలవాటుగా.

"ఒక రోజా? మీ నాన్నప్పుడు మూడ్రోజులు పట్టిందిగా" అంది. కోపంగా కాదు. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది.

ఆ మూడ్రోజుల సంగతి ఇన్నేళ్ళలో నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. 1999 నవంబరు. గురువారం రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. మన దగ్గర శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నర. తమ్ముడు "అక్కా" అని ఆగిపోయాడు. అంతే, అర్థమైపోయింది. మర్నాడు పొద్దున ట్రావెల్ ఏజెంటుని బతిమాలి కాగితం టికెట్టు చేతికి తెచ్చుకునేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం అయిదింటికి విమానం. ఐరోపాలో దిగబోయే ఊరంతా పొగమంచు. గాల్లో గిరగిరా తిప్పి తిప్పి దింపేసరికి బొంబాయి విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ రాత్రికి గానీ ఇంకోటి లేదన్నారు. ఆ విమానాశ్రయంలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో పగలంతా కూర్చున్నాను. పక్కనే కూర్చున్న ఒక ముసలి జర్మన్ ఆవిడ ఏమీ అడగకుండా తన దగ్గరున్న బ్రెడ్డు ముక్క సగం తుంచి ఇచ్చింది. బొంబాయిలో అంతర్జాతీయ విమానాలు దిగే చోటొకటి, దేశంలో తిరిగే విమానాలు ఎక్కే చోటొకటి. పెట్టె ఈడ్చుకుంటూ అక్కణ్ణుంచి ఇక్కడికి చేరి, హైదరాబాదు విమానం ఎక్కి, బేగంపేటలో దిగి, కారు మాట్లాడుకుని రెండు లారీలు పట్టే తొమ్మిదో నంబరు హైవే మీద ఏడు గంటలు ప్రయాణం చేసి, ఆదివారం రాత్రి పదిన్నరకి మా గుమ్మం ఎక్కాను. ఫోను మోగినప్పటినుంచి 62 గంటలు. దహనం ఎలాగూ అందదని తెలుసు. సంచయనం కూడా ఆ పొద్దునే అయిపోయింది. ఇంటిముందు చెట్టుకొమ్మకి ఎర్రగుడ్డ కట్టిన చిన్న మట్టిముంత వేలాడుతోంది. మా నాన్న ఆరడుగుల మనిషి.

అందుకని ఆ ఆదివారం ఫోను పెట్టేశాక నేనొక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. అమ్మకి నిజమైన జవాబు చెప్పాలి కదా!

ముందు దూరం. షికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయానికి, భూమి మీద అతి దగ్గర దారిలో కొలిస్తే, సుమారు 13,280 కిలోమీటర్లు. మైళ్ళలో దాదాపు 8,250. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఇంచుమించు అందులో మూడోవంతు. పెద్ద విమానాలు 35,000 అడుగుల ఎత్తున గంటకి సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. భాగహారం చేస్తే పద్నాలుగు గంటల ముప్పావు. పైకెక్కడం, కిందికి దిగడం, దారి వంకరలు కలుపుకుంటే పదిహేను, పదహారు గంటలు.

అలా ఆగకుండా ఎగిరిన విమానం కూడా ఉండేది! ఎయిర్ ఇండియా వారు 2021 జనవరిలో హైదరాబాదు నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టారు. ఆ వార్త చదివి మావారు స్వీట్లు పంచినంత పని చేశారు. అవి కోవిడ్ రోజులు, మేం కదలలేదు. ఆ సర్వీసూ ఎక్కువ కాలం నిలవలేదు. మేం టికెట్టు కొనకుండానే అది చరిత్రలో కలిసిపోయింది.

సరే, దుబాయి మీదుగా వెడితే? షికాగో నుంచి దుబాయికి 11,640 కిలోమీటర్లు, దుబాయి నుంచి హైదరాబాదుకి 2,550. మొత్తం 14,190. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే 6,970కి 7,120 కలిపి 14,090. చూశారా, నేరుగా వెళ్ళే దారికీ వీటికీ తేడా వెయ్యి కిలోమీటర్లు కూడా లేదు. అంటే గాల్లో ఒక గంట. మన ఒక రోజునీ రెండు రోజుల్నీ తినేది ఆకాశం కాదు, నేల! విమానాశ్రయానికి కారు, సెక్యూరిటీ వరస, మధ్యలో ఆగిన ఊళ్ళో ఎదురుచూపు, ఇమిగ్రేషన్, పెట్టెలు, ఆ తర్వాత మూడు వందల కిలోమీటర్ల రోడ్డు. ఇవన్నీ కలిపితే మా ఇంటి తలుపు తాళం వేసినప్పటినుంచి అమ్మ గుమ్మం ఎక్కేదాకా అన్నీ సవ్యంగా జరిగితే 31 గంటలు వచ్చింది. టికెట్టు దొరకడానికి పట్టే టైము వేరే.

మరుసటి ఆదివారం అమ్మకి అదే చెప్పాను. "31 గంటలమ్మా. అన్నీ కలిసొస్తే."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది: "అయితే అవసరం రాకముందే రా."

2025 ఫిబ్రవరిలో బయల్దేరాం, నేనూ మా చిన్నమ్మాయీ. పెళ్ళిళ్ళు లేవు, పండగలు లేవు, వేసవి సెలవులు అసలే కావు. అమ్మాయి ఆరో తరగతి. పది రోజులు బడి మానిపించడానికి వాళ్ళ టీచరు ఒక షరతు మీద ఒప్పుకుంది. ప్రయాణంలో ఎక్కడ ఎంత సేపు పట్టిందో రాయాలి, దూరం ఎలా కొలుస్తారో తెలుసుకుని వచ్చి క్లాసులో చెప్పాలి. అందుకని ఈసారి లెక్కలన్నీ మా అమ్మాయివే. నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఇంటి తలుపు వేశాం. ఎనిమిదిన్నరకి విమానం. పెట్టెలకి కట్టిన చీటీ మీద ఓఆర్‌డీ అని ఉంటే "ఓహేర్‌లో డీ ఎక్కడుందమ్మా?" అని అడిగింది. మంచి ప్రశ్నే. ఆ విమానాశ్రయం ఉన్నచోటు పూర్వం ఆర్చర్డ్ ప్లేస్ అనే ఊరు. మొదట్లో దాన్ని ఆర్చర్డ్ ఫీల్డ్ అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నావికాదళ పైలట్ ఎడ్వర్డ్ ఓహేర్ పేరు 1949లో పెట్టారు. పేరు మారినా చీటీ మీద పాత పండ్లతోట మిగిలిపోయింది. మన ఊళ్ళల్లో కూడా ఎండిపోయిన చెరువు పేరు వీధికి మిగలడం లేదూ, అలాగన్నమాట.

ముందు సీటు వెనక ఉన్న తెరమీద బొమ్మ విమానం కదులుతూంటే అమ్మాయికి అనుమానమొచ్చింది. దుబాయి తూర్పున ఉంటే ఇది ఉత్తరంగా గ్రీన్‌లాండ్ వైపు పోతోందేం? పైలట్ దారి తప్పాడా? బయట మైనస్ యాభై డిగ్రీలని తెర చెబుతోంది. "అమ్మమ్మ ఇంటికెళ్ళాక చెబుతాలే" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ అప్పటికప్పుడు సరిగ్గా చెప్పడం రాలేదు.

పదమూడు గంటలకి దుబాయి. అక్కడ బుధవారం సాయంత్రం ఏడున్నర. రెండుముప్పావు గంటలు ఆగాం. మళ్ళీ మూడు గంటల ఇరవై నిమిషాలు. గురువారం తెల్లవారుజామున మూడూ అయిదుకి శంషాబాద్. 2008 మార్చిలో ఈ కొత్త విమానాశ్రయం మొదలయ్యాకే మన హైదరాబాదు ప్రయాణాల రూపు మారింది. బేగంపేటలో విమానం దిగుతూంటే మేడల మీద ఆరేసిన బట్టలు కనిపించేవి. శంషాబాద్‌లో అది లేదు గానీ, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్ళోకి పోకుండానే విజయవాడ దారి పట్టొచ్చు. తమ్ముడు కారు తెచ్చాడు. చౌటుప్పల్, నార్కెట్‌పల్లి దాటి సూర్యాపేటలో టీ తాగేసరికి తెల్లారింది. మా అమ్మాయి చిన్న గ్లాసులో టీ తాగి, ఆ గ్లాసు ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగింది. కోదాడ, నందిగామ, ఇబ్రహీంపట్నం. ప్రకాశం బ్యారేజి మీద కృష్ణ దాటి, కాలవగట్టు వెంట దుగ్గిరాల మీదుగా పదిన్నరకి ఇల్లు చేరాం.

మొత్తం 31 గంటలు. అందులో గాల్లో ఉన్నది 16 గంటల 20 నిమిషాలు. మిగతా 14 గంటల 40 నిమిషాలు నేలమీదే. చెప్పానుగా!

అమ్మ అరుగు మీద నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఏడవలేదు. "ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, కాళ్ళు కడుక్కుని రండి" అంది.

ఆ మధ్యాహ్నం పాత బీరువాలో ఏదో వెతుకుతూంటే నాన్న అట్లాసు దొరికింది. నాన్న హైస్కూల్లో సోషలు మాస్టారు. అట్ట ఊడిపోయి, చీరపేలికతో కట్టి ఉంది. ప్రపంచపటం పేజీలో షికాగో నుంచి హైదరాబాదుకి పెన్సిల్‌తో, స్కేలుపెట్టి గీసిన గీత. అట్లాంటిక్ సముద్రం, మొరాకో, సహారా ఎడారి, అరేబియా దాటుకుంటూ వచ్చింది. గీత కింద ఆయన గుండ్రటి అక్షరాలతో: "అమ్మాయి ఉండే చోటు. 10,000 మైళ్ళు." తేదీ 1997, నేను వెళ్ళిన వారానికి.

మా అమ్మాయి ఆ గీత చూసి "తాతయ్య తప్పు గీశారు" అంది. నాకు చివుక్కుమంది. "తాతయ్య మాస్టారు, తెలుసా?" అన్నాను. అదేం పట్టించుకోకుండా వంటింట్లోకెళ్ళి ఒక బత్తాయిపండు, అమ్మ పూలు కట్టుకునే దారం తెచ్చుకుంది. పిల్లలూ, ఇది మీరూ మీ ఇంట్లో చేసి చూడొచ్చు.

బత్తాయి తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. పండు నడుముకీ తొడిమకీ ఇంచుమించు సగం ఎత్తులో ఒక లవంగం గుచ్చండి. అది షికాగో. పండు రెండోవైపు, నడుముకి కొంచెం పైన ఇంకో లవంగం గుచ్చండి. అది హైదరాబాదు. ఇప్పుడు దారాన్ని పండు పొట్టచుట్టూ తిప్పి రెంటినీ కలపండి. అది తాతయ్య గీత. అదే దారాన్ని తొడిమ పక్కనుంచి పోనిచ్చి బిగించి లాగండి. దారం మిగిలిపోతుంది! పొట్టదారి కంటే తొడిమదారి దగ్గర. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి భాగం సాగిపోయి, దగ్గర దారి వంకరగానూ దూరపు దారి తిన్నగానూ కనిపిస్తాయి. షికాగో నుంచి హైదరాబాదుకి అసలైన దగ్గర దారి హడ్సన్ అఖాతం, గ్రీన్‌లాండ్ మంచు మీదుగా ఉత్తర ధ్రువానికి పదకొండు డిగ్రీల దూరందాకా వెళ్ళి, రష్యా, కజకిస్తాన్, హిమాలయాల పడమటి కొస మీదుగా దిగుతుంది. అయితే ఆకాశంలో దారికి దేశాల అనుమతి కూడా కావాలి. 2022లో రష్యా తన ఆకాశాన్ని అమెరికా విమానాలకి మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకి మూసింది. అలాంటప్పుడు దారం ఎంత బిగించి లాగినా లాభం లేదు, చుట్టు తిరగాల్సిందే.

తర్వాత మా అమ్మాయి పండు చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి, అంతవరకూ తుంచి, మూడు సమానమైన మడతలు పెట్టింది. ఒక మడత రెండు లవంగాల మధ్యా దాదాపు సరిపోయింది. భూమిలో మూడోవంతు!

అమ్మ ఇదంతా గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "అంటే ఎన్ని ఆమడలు?" అంది. ఆమడకి ఎనిమిది మైళ్ళనుకుంటే వెయ్యి ఆమడలకి కొంచెం పైన. అమ్మ తలాడించింది. మైళ్ళలో ఎన్నిసార్లు చెప్పినా పట్టనిది ఆమడల్లో పట్టింది.

"తాతయ్య లెక్క కరెక్టే అమ్మా" అంది మా అమ్మాయి కాసేపాగి. ఆ గీత మీద కొలిస్తే నిజంగానే పదివేల మైళ్ళొస్తుందట. "కానీ మనం 1,750 మైళ్ళు దగ్గరే ఉన్నాం."

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. నాన్నకి ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. పోయేదాకా ఆయన నన్ను ఉన్నదానికంటే 1,750 మైళ్ళు దూరంగానే అనుకున్నారు.

అమ్మకి ఇంకో లెక్క కూడా వచ్చు. అది మాత్రం నాకు తనే నేర్పింది. శీతాకాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. తీసివేతలు చెయ్యక్కర్లేదట. గోడ గడియారంలో టైముకి అరగంట కలుపుకుని, పగలుని రాత్రనుకుంటే చాలు. ఇక్కడ రాత్రి ఎనిమిదయితే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. మార్చిలో అక్కడ గడియారాలు జరిపాక అరగంట బదులు గంటన్నర కలపాలి. ఇన్నేళ్ళూ నా ఫోను సరిగ్గా నేను కాఫీ కలుపుకునే వేళకే ఎలా మోగేదో అప్పుడు తెలిసింది.

తిరుగు ప్రయాణం దుబాయి నుంచి షికాగోకి పదిహేను గంటలపైనే పట్టింది. పడమట నుంచి తూర్పుకి వీచే పైగాలులు వెళ్ళేటప్పుడు తోస్తాయి, వచ్చేటప్పుడు ఆపుతాయి. సైన్సు అదే చెబుతోంది. ఊరొదిలి వచ్చేటప్పుడు ప్రయాణం ఎందుకు సాగదో మనకి వేరే సైన్సు అక్కర్లేదు.

పాఠకులకి రెండు మాటలు, స్వానుభవంతో. ఇంట్లో అందరి పాస్‌పోర్టుల గడువులూ, ఓసీఐ కార్డులూ ఏడాదికోసారి తీసి చూసుకోండి. అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు చూసుకునేవి కావవి. మధ్యలో విమానం మారాల్సి ఉంటే మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉండేలా కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతదాంట్లో పంపించడం అప్పుడు వాళ్ళ బాధ్యత. విడివిడిగా చవగ్గా కొంటే అది మన బాధ్యత. ఇవన్నీ చేసినా ఆ 31 గంటలు తగ్గవు. మన చేతిలో ఉన్నది ఎప్పుడు బయల్దేరాలన్నదొక్కటే.

ఊళ్ళో ఉన్న ఆ పది రోజులూ వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "పెళ్ళా?" కాదు. "పొలం అమ్మేస్తున్నారా?" కాదు. "అమ్మగారికి బాగాలేదా?" అంటే అమ్మ ఎదురుగా నిక్షేపంగా కూర్చుని ఉంది. ఫిబ్రవరిలో అమెరికా నుంచి మనిషి వచ్చిందంటే ఏదో ఉండాలని వాళ్ళ నమ్మకం.

బయల్దేరే ముందురోజు సాయంత్రం పెట్టె సర్దుతున్నాను. పక్కింటావిడ గోడమీంచి అదే ప్రశ్న అడగడం వినిపించింది. అమ్మ మల్లెమొక్కకి నీళ్ళు పోస్తూ, వీధి చివరిదాకా వినపడేటట్టు చెప్పింది.

"ఏ పనీ లేదమ్మా. నన్ను చూడ్డానికి ఊరికే వచ్చింది."